అల్మరాకూ బల్లకూ మధ్య దూరం: ‘నేచురల్ హిస్టరీ’ పత్రికపై ఒక కేస్ స్టడీ

‘సాధారణంగా’ అనే ఒక్క మాట కొట్టేసినందుకు నేనొక మంచి రచయితను పోగొట్టుకున్నాను. విజ్ఞాన మాసపత్రిక సంపాదకుడిగా నాకది నాలుగో సంవత్సరం. కందిరీగల మీద వ్యాసం వచ్చింది. రాసినాయన జీవితమంతా ఆ పురుగులతోనే గడిపిన అధ్యాపకుడు. ప్రతి రెండో వాక్యంలో ‘సాధారణంగా’, ‘ఎక్కువ సందర్భాల్లో’, ‘ఇప్పటివరకు చూసినంతలో’ అంటూ ముందరికాళ్లకు బంధాలు. పత్రిక అచ్చుకు వెళ్లే రాత్రి నాలుగు లైన్లు పేజీ దాటిపోతుంటే, వాటిలో సగం తీసేశాను. ‘గూడును సాధారణంగా ఒకే ఆడ కందిరీగ మొదలుపెడుతుంది’ అన్న వాక్యం ‘గూడును ఒకే ఆడ కందిరీగ మొదలుపెడుతుంది’ అయింది. చదవడానికి చురుగ్గానే ఉంది, కానీ నిజం కాకుండా పోయింది. కొన్నిసార్లు రెండు మూడు ఆడవి కలిసి కూడా గూడు మొదలుపెడతాయి. సంచిక అందిన రోజు ఆయన ఫోన్ చేసి తిట్టలేదు. ఇక మీదట నన్ను రాయమని అడగవద్దు అని ఒక కార్డు రాశారు, అంతే.

ఆ కార్డు వచ్చిన తర్వాత ఒక ప్రశ్న నన్ను పట్టుకుని వదలలేదు. విషయం తెలిసిన మనిషికీ, దాన్ని పాఠకుడికి చేర్చే మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలి? మరీ దగ్గరైతే పత్రిక కాస్తా ఆఫీసు నివేదికలా తయారవుతుంది. మరీ దూరమైతే నేను చేసిన నిర్వాకమే జరుగుతుంది. పత్రికా రచన పాఠ్యపుస్తకాల్లో దీనికి జవాబు దొరకలేదు. అందుకని ఒక పత్రిక చరిత్రను మొదటి నుంచి ముందు వేసుకుని కూర్చున్నాను. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ 1900లో మొదలుపెట్టిన పత్రిక అది. 1919 నుంచి దాని పేరు ‘నేచురల్ హిస్టరీ’. నమూనాల అల్మరాలూ సంపాదకుల బల్లా నూరేళ్లపాటు ఒకే సంస్థ చేతిలో ఉన్న జనరంజక పత్రిక ఇంతకన్నా మంచిది నాకు కనబడలేదు. ఆ అల్మరాకూ ఆ బల్లకూ మధ్య దూరం ఎప్పుడెప్పుడు ఎంత ఉందో కొలిచి చూడడమే ఈ రాతలో నేను చేసిన పని.

చదివింపుల జాబితా

మ్యూజియం పుట్టింది 1869లో. ముప్పై ఏళ్లు గడిచాక ‘అమెరికన్ మ్యూజియం జర్నల్’ పేరుతో ఒక పల్చటి పత్రిక మొదలైంది. తొలి దశాబ్దంలో దాని బాధ్యత చూసినవాడు ఎడ్మండ్ ఓటిస్ హోవీ అనే భూగర్భ శాస్త్రవేత్త. ఏ శాఖకు ఎవరు ఏమి విరాళమిచ్చారు, ఏ యాత్రికుడు ఎన్ని పెట్టెలతో తిరిగొచ్చాడు, వచ్చే నెల ఉపన్యాసాలు ఎప్పుడెప్పుడు అన్నవి అందులోని ముఖ్యాంశాలు. ఇప్పుడు ఆ పుటలు తిరగేస్తే పెళ్లిలో చదివింపుల జాబితా వింటున్నట్టు ఉంటుంది. ఇచ్చినవాళ్లకు తప్ప మరెవరికీ అందులో ఆసక్తి ఉండదు.

అయితే ఆ జర్నల్ మొదటి పుటలో ఒక చిన్న ప్రకటన ఉండేది. దానిమీద నేను చాలాసేపు ఆగాను. చందా ఏడాదికి 1 డాలరు, విడి ప్రతి 15 సెంట్లు, మ్యూజియం సభ్యులకు మాత్రం, ఏ తరగతి సభ్యులైనా సరే, సభ్యత్వ రుసుములోనే పత్రిక కలిసి వస్తుంది అని. అంటే చదివేవాళ్లలో ఎక్కువమంది పత్రికను కొనుక్కున్నవాళ్లు కారు. మ్యూజియం మీద మక్కువతో డబ్బు కట్టినవాళ్లు. పత్రిక వాళ్లకు ప్రసాదంలా చేతికొచ్చేది. దీనిలో ఒక వరమూ ఒక శాపమూ ఉన్నాయి. ప్రతి సంచికనూ అంగడిలో అమ్ముకోవలసిన అవసరం లేదు కనుక సంపాదకుడు అట్ట మీద అరవనక్కర్లేదు. కానీ చదవకపోయినా చందా ఆగదు కనుక, పత్రిక చప్పగా ఉందని చెప్పేవాడూ ఉండడు. హోవీ కాలంలో శాపమే ఎక్కువ పనిచేసింది.

అదే సమయంలో అదే మ్యూజియంలో పనిచేసే ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త 1899లో సొంతంగా ‘బర్డ్-లోర్’ అనే పత్రిక పెట్టాడు. అప్పట్లో క్రిస్మస్ రోజున జట్లుగా విడిపోయి, కనబడ్డ పక్షినల్లా కాల్చి, ఎవరి కుప్ప పెద్దదో చూసుకునే వినోదం ఒకటి ఉండేది. చాప్‌మన్ 1900లో తన పాఠకులతో, కాల్చకండి, లెక్కపెట్టి నాకు రాసి పంపండి అన్నాడు. మొదటి ఏడు 25 చోట్ల 27 మంది లెక్కపెట్టారు. ఆ లెక్క నేటికీ ఏటా సాగుతోంది. ‘బర్డ్-లోర్’ 1935లో పక్షుల సంరక్షణకు పనిచేసే ఆడుబాన్ సంఘాల చేతికి వెళ్లి, తర్వాత వాళ్ల పత్రికగా పేరు మార్చుకుంది. మ్యూజియం ఉద్యోగి ఒకడు బయట పత్రిక పెట్టి పాఠకుల చేతికి పని అప్పగిస్తుంటే, మ్యూజియం సొంత పత్రిక విరాళాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. నేనే గనక ఆనాటి ధర్మకర్తనై ఉంటే, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని సిగ్గుపడేవాణ్ణి.

కప్పల సంపాదకురాలు

పత్రికను పత్రికగా మార్చిన మనిషి మేరీ సింథియా డికర్సన్. 1866లో మిచిగన్ రాష్ట్రంలో పుట్టింది. చికాగో విశ్వవిద్యాలయంలో చదివి, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠాలు చెప్పింది. 1901లో చిమ్మటలు, సీతాకోకచిలుకల మీద ఒక పుస్తకం, 1906లో ఉత్తర అమెరికా కప్పల మీద మరొకటి రాసింది. కప్పల పుస్తకంలో ఆమె తీసిన ఫొటోలు కొల్లలుగా ఉంటాయి. మ్యూజియంలో చేరింది 1908లో. రెండేళ్లలో జర్నల్ సంపాదకత్వం ఆమె చేతికొచ్చింది. దానితోపాటు సరీసృపాలు, ఉభయచరాల విభాగం బరువు, అటవీ సంపద ప్రదర్శన బరువు కూడా ఆమె మీదే. మూడు ఉద్యోగాలు, ఒక మనిషి.

ఇక్కడ అల్మరాకూ బల్లకూ మధ్య దూరం సున్నా. పొద్దున సీసాలోని కప్పకు పేరు రాసిన చేయే సాయంత్రం ప్రూఫులు దిద్దేది. ఏ క్యూరేటర్ (ఒక విభాగం నమూనాల బాధ్యత చూసే నిపుణుడు) దగ్గర ఏ కథ ఉందో ఆమెకు విడిగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె హయాంలో పత్రిక కంఠస్వరం ఎలా మారిందో చూడడానికి 1909 సంచిక ఒకటి, 1916 సంచిక ఒకటి పక్కన పెట్టుకుంటే చాలు. యాత్రకు వెళ్లొచ్చినవాడు ‘సేకరణ విజయవంతంగా పూర్తయింది’ అని నివేదించడం తగ్గి, నేను అక్కడ నిలబడ్డాను, ఇది చూశాను అని చెప్పడం పెరిగింది. ఫొటోలు మూలనుంచి లేచి పుట నిండా పరుచుకున్నాయి. అడవుల నరికివేత, అంతరించిపోతున్న జంతువులు వంటి విషయాలు తరచూ రాసాగాయి. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రకృతి పరిశీలకుడిగా తన జీవితం గురించి 1918 మే సంచికలో రాశాడు. ఆయన తండ్రి ఈ మ్యూజియం స్థాపకుల్లో ఒకడు. పేరున్నవాడిని పిలిచి రాయించడం ఏ సంపాదకుడైనా చేస్తాడు. ఆయన చేత రాజకీయం కాకుండా పిట్టల గురించి రాయించడం డికర్సన్ తెలివి.

1919 జనవరి నుంచి జర్నల్ ‘నేచురల్ హిస్టరీ’ అయింది. పేరు మార్పును చాలామంది అలంకారం అనుకుంటారు. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో అతి పెద్ద నిర్ణయం ఇదే. పాత పేరు పత్రిక ఎవరిదో చెప్పేది, కొత్త పేరు పత్రిక దేని గురించో చెప్పింది. ఇల్లుగలవాడి పేరు గడప మీద నుంచి తీసి, లోపల ఏమి దొరుకుతుందో రాసిపెట్టినట్టు. అయినా సంపుటి సంఖ్యను మాత్రం తెగనివ్వలేదు. 1918 పద్దెనిమిదో సంపుటి, 1919 పంతొమ్మిదోది. పేరు మారిన ప్రతిసారీ ‘సంపుటి 1, సంచిక 1’ అని మళ్లీ మొదలెట్టి, గ్రంథాలయాల వాళ్లను ఏడిపించే మన పత్రికలవాళ్లు ఇది గమనించాలి. నేనూ ఒకసారి ఆ తప్పు చేశాను.

డికర్సన్ కథ ముగిసిన తీరు బాధాకరం. 1920లో ఆమె సరీసృపాల విభాగానికి పూర్తి స్థాయి క్యూరేటర్ అయింది. ఆ ఏడాది చివరికే మానసిక అనారోగ్యంతో ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. మళ్లీ పనిలోకి రాలేదు. 1923 ఏప్రిల్‌లో, 57 ఏళ్ల వయసులో కన్నుమూసింది. పనిభారమే ఆమెను అలా చేసిందని తేల్చే అర్హత నాకు లేదు. కానీ ఒక సంపాదకుడిగా ఆ పదేళ్ల సంచికల బరువు నాకు తెలుసు. దూరం సున్నాగా ఉండడం అంటే ఒక్క మనిషి రెండు ప్రపంచాలనూ భుజాన మోయడం. అలాంటి ఏర్పాటును ‘ఆదర్శం’ అని చెప్పి కొత్తవాళ్లకు చూపించడానికి నాకు మనసొప్పదు.

ఇంటి ఉప్పు

ఆమె తర్వాత 1920లలో పత్రిక రెండు నెలలకొకసారి వచ్చింది. తేనెటీగల నిపుణుడు హెర్బర్ట్ ష్వార్జ్ కొంతకాలం సంపాదకుడు. న్యూయార్క్ బయట ఉండేవారికోసం ఏడాదికి 3 డాలర్ల అసోసియేట్ సభ్యత్వం ఉండేది. మ్యూజియం గడప ఎన్నడూ తొక్కని మనిషి కూడా దాని సభ్యుడు కావచ్చు, అతనికి మ్యూజియం అంటే ఆ పత్రికే. రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ మంగోలియా యాత్రలు, 1923లో గోబీ ఎడారిలో దొరికిన డైనోసార్ గుడ్లు, ఇవన్నీ ఆ కాలపు సరుకు. అంతకన్నా మంచి సరుకు ఏ సంపాదకుడికి దొరుకుతుంది?

కానీ దగ్గరితనానికి మరో ముఖం కూడా ఉంది. 1908 నుంచి 1933 వరకు మ్యూజియం అధ్యక్షుడు హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బర్న్. పెద్ద శిలాజ శాస్త్రవేత్త, అంతకన్నా పెద్ద అహంకారి. 1922లో నెబ్రాస్కాలో దొరికిన ఒక అరిగిపోయిన పన్ను చూసి, ఇది ఉత్తర అమెరికాలో దొరికిన తొలి మానవాకార కోతి అని ప్రకటించి ‘హెస్పెరోపిథెకస్’ అని పేరు పెట్టాడు. పరిణామవాదాన్ని బళ్లలోంచి తరిమెయ్యాలంటున్న విలియం జెన్నింగ్స్ బ్రయాన్ కూడా నెబ్రాస్కావాడే కావడంతో ఆ పన్నును అతని మీద ఎగతాళికి కూడా వాడుకున్నాడు. తవ్వకాలు ముందుకు సాగాక ఆ పన్ను పెకరీ అనే పందిలాంటి జంతువుదని తేలింది. ఆస్‌బర్న్ సహచరుడే అయిన విలియం కింగ్ గ్రెగరీ 1927లో ఆ పొరపాటును అచ్చులో ఒప్పుకున్నాడు. ఇదే ఆస్‌బర్న్ 1921లో అంతర్జాతీయ సుప్రజనన మహాసభను మ్యూజియంలోనే జరిపించాడు. మేలు జాతి మనుషులను పెంచాలి, తక్కినవాళ్లను తగ్గించాలి అనే బాపతు సభ అది.

మ్యూజియం జీతంతో నడిచే పత్రిక అప్పట్లో అధ్యక్షుణ్ణి నిలదీసి ఉంటుందని నేను ఆశించను. ఉప్పు తిన్న ఇంటిని ప్రశ్నించడం ఎవరికైనా కష్టమే. పంది పన్ను సంగతి మాత్రం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఎద్దు కథ

1930ల నుంచి 1960ల వరకు నేను తొందరగా దాటేస్తాను. మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వేయర్ సుమారు పాతికేళ్లు సంపాదకుడిగా ఉన్నాడు. పత్రిక ఏడాదికి పది సంచికల లెక్కకు వచ్చింది. 1923లో వాషింగ్టన్‌లో మొదలైన ‘నేచర్ మ్యాగజైన్’ 1960లో ఇందులో కలిసిపోయింది. నిలకడగా, మర్యాదగా, కొంచెం నిద్రమత్తుగా నడిచిన కాలం. నమూనాలకు లోటు లేదు, నిపుణులకు లోటు లేదు, ఎక్కడా ఎవరూ తడబడలేదు. తడబాటు లేకపోవడమే దాని లోపం.

1960ల రెండో సగంలో వచ్చిన రెండు వ్యాసాలు నా అభిప్రాయాన్ని మార్చాయి. మొదటిది 1966లో మానవ శాస్త్రవేత్త లారా బొహానన్ రాసింది. నైజీరియాలోని తివ్ ప్రజల పెద్దలకు ఆమె హామ్లెట్ కథ చెప్పబోతుంది. మనుషులందరికీ ఇది ఒకేలా అర్థమవుతుందన్న ధీమాతో మొదలుపెడుతుంది. అన్న చనిపోతే తమ్ముడు వదినను పెళ్లాడడం ధర్మమే కదా, ఇందులో తప్పేముంది అని పెద్దలు మొదటి మెట్టులోనే అడ్డం తగులుతారు. చివరికి వాళ్లే ఆమెకు కథ అర్థం విప్పి చెబుతారు.

రెండోది 1969 డిసెంబరులో రిచర్డ్ లీ రాసింది. కలహారి ఎడారిలో వేటాడి బతికే కుంగ్ ప్రజల మధ్య పరిశోధన చేస్తున్న లీ, క్రిస్మస్‌కు వాళ్లకు విందు ఇద్దామని బలిసిన పెద్ద ఎద్దును కొంటాడు. చూసిన ప్రతివాడూ, ఇది ఎముకల గూడు, దీంతో ఎవరి కడుపు నిండుతుంది అని ఎగతాళి చేస్తాడు. లీ కుంగిపోతాడు. పండగనాడు కోస్తే మందపాటి కొవ్వు పొర. అందరూ పగలబడి నవ్వుతారు. తర్వాత తెలుస్తుంది: పెద్ద వేట తెచ్చినవాడికి గర్వం తలకెక్కకుండా, వాడి మాంసాన్ని కించపరిచి గుండెను చల్లబరచడం వాళ్ల పద్ధతి. మానవ శాస్త్రం తరగతుల్లో ఈ వ్యాసాన్ని ఇప్పటికీ చదివిస్తారు.

ఈ రెండు వ్యాసాల్లోనూ నిపుణుడు బోల్తా పడ్డాడు. పడ్డ సంగతి తానే చెప్పాడు. పరిశోధన పత్రంలో ఈ బోల్తాకు చోటుండదు, బయటి విలేఖరికి ఇది తెలిసే అవకాశం ఉండదు. నిపుణుడి చేతనే రాయిస్తూ, అతన్ని నిపుణుడి పీట మీద నుంచి దింపగలిగిన పత్రికకే ఇలాంటివి దొరుకుతాయి. నా దగ్గరకు వచ్చే వ్యాసాల్లో రచయిత తప్పులో కాలేసిన వాక్యం ఒక్కటైనా ఉందా అని వెతకడం అప్పటినుంచే అలవాటైంది. ఉంటే దాన్ని పైకి తెస్తాను. లేకపోతే అడుగుతాను. చాలామంది నొచ్చుకుంటారు, కొందరు మాత్రం నవ్వి, అసలు కథ చెబుతారు.

300 వ్యాసాలు

1974 జనవరిలో, అలన్ టెర్న్స్ సంపాదకుడిగా ఉండగా, స్టీఫెన్ జే గూల్డ్ కాలమ్ మొదలైంది. అప్పటికి గూల్డ్ వయసు 32. హార్వర్డ్‌లో ఆచార్యుడు. పరిశోధన బహామా దీవుల నత్తల మీద. కాలమ్‌కు ‘దిస్ వ్యూ ఆఫ్ లైఫ్’ అని డార్విన్ గ్రంథపు చివరి వాక్యంలోని మాటలే పేరు. 2001 జనవరి వరకు ఒక్క సంచిక కూడా తప్పకుండా 300 వ్యాసాలు రాశాడు. లెక్కల పిచ్చి ఉన్నవాళ్లు ఇక్కడ ఆగుతారు. ఆ రెండు నెలలనూ కలిపి లెక్కపెడితే 325 నెలలు కావాలి. పత్రిక అన్ని సంవత్సరాల్లోనూ పన్నెండు సంచికలు తేలేదు కనుక 300 దగ్గర తేలింది. 1982లో మెసోథెలియోమా అనే అరుదైన క్యాన్సర్ వచ్చి, చికిత్సతో నీరసించి ఉన్న నెలల్లో కూడా కాలమ్ ఆగలేదు. జలుబు చేసిందని నా పత్రికకు రెండు నెలలు వ్యాసం ఎగ్గొట్టిన రచయితలున్నారు. వాళ్లకు ఈ సంగతి చెబితే, ఆయనకేం, హార్వర్డ్ జీతం వస్తుంది అన్నారు.

గూల్డ్ పద్ధతి పైకి చూస్తే సంపాదకుల పీడకల. బేస్‌బాల్ స్కోరుతోనో, చర్చి కట్టడంలోని ఒక మూలతోనో మొదలవుతాడు. 18వ శతాబ్దపు లాటిన్ గ్రంథంలోకి దూకుతాడు. అక్కణ్ణుంచి నత్త గుల్లకు వస్తాడు. పాఠకుడి కోసం భాష తేలిక చేస్తాడు కాని ఆలోచనను పలచన చేయడు. ‘సాధారణంగా’లూ ‘బహుశా’లూ ఆయన వాక్యాల్లో పుష్కలంగా ఉంటాయి. అయినా ఎక్కడా నత్తనడక ఉండదు. ఎందుకంటే ఆయన మినహాయింపును తోకలా తగిలించడు. దాన్నే కథానాయకుణ్ణి చేస్తాడు. పాండా చేతికి ఉన్న ఆరో వేలు లాంటిది అసలు వేలే కాదు, సాగి పెరిగిన మణికట్టు ఎముక. నియమానికి ఒదగని ఆ ఎముక పుణ్యమా అని పరిణామం ఎలా అతుకులతో పని గడుపుకుంటుందో మనకు తెలుస్తుంది. నేను కందిరీగల వ్యాసంలో కొట్టేసినది సరిగ్గా ఇదే అని, ఆ పాండా వ్యాసం చదువుతున్నప్పుడు నాకు తట్టింది.

దూరం సంగతి కూడా చెప్పాలి. గూల్డ్ మ్యూజియం ఉద్యోగి కాడు. ఉండేది వేరే ఊళ్లో, వేరే రాష్ట్రంలో. అయితే అయిదేళ్ల పిల్లవాడిగా తండ్రి చేయి పట్టుకుని వచ్చి, టైరనోసారస్ అస్థిపంజరం ముందు నిలబడి, శిలాజ శాస్త్రవేత్తనవుతానని నిర్ణయించుకున్నది ఈ మ్యూజియంలోనే. కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థిగా ఇక్కడి క్యూరేటర్ నార్మన్ న్యూయెల్ దగ్గర పనిచేశాడు. 1972లో గూల్డ్‌తో కలిసి జీవ పరిణామం మీద ప్రసిద్ధ పత్రం రాసిన నైల్స్ ఎల్‌డ్రెజ్ ఇక్కడి క్యూరేటరే. అల్మరాల తాళాలు ఎక్కడుంటాయో ఎరిగినవాడు, జీతాల పట్టీలో మాత్రం పేరు లేనివాడు. నేను వెతుకుతున్న దూరం ఇదేననిపించింది.

దీనికి రుజువు 1989లో దొరుకుతుంది. పంది పన్ను గుర్తుందా? ఆస్‌బర్న్ హెస్పెరోపిథెకస్ కథ మొత్తాన్ని గూల్డ్ ఇదే పత్రికలో విప్పి పెట్టాడు. మ్యూజియం మాజీ అధ్యక్షుడు ఎంత తొందరపడ్డాడో, ఎంత గొప్పలకు పోయాడో దాచలేదు. అదే సమయంలో, తప్పు చేసిన అయిదేళ్లలో తవ్వి, చూసి, ఒప్పుకున్న తీరే శాస్త్రం పనిచేసే తీరు అని, ఆ పన్నును పట్టుకుని పరిణామవాదాన్ని వెక్కిరించేవాళ్లకు జవాబూ చెప్పాడు. మ్యూజియం ఖర్చుతో నడిచే పత్రిక, మ్యూజియం పెద్దాయన తప్పును, మ్యూజియం సభ్యులకు పంచింది. 1922లో సాధ్యం కానిది 1989లో సాధ్యమైంది.

ఈ కాలమ్‌కు ఖరీదు లేకపోలేదు. ఒక గొంతు అంత గట్టిగా వినిపిస్తుంటే పత్రిక ఆ గొంతు పేరుతోనే గుర్తుండిపోతుంది. గూల్డ్ వ్యాసాలు పది సంకలనాలుగా వచ్చాయి. పుస్తకంగా దొరికేదాన్ని నెల నెలా ఎందుకు కొనాలి అనుకునేవాళ్లూ ఉంటారు. తక్కినవాళ్లు తక్కువవాళ్లు కారు. రేమండ్ సొకొలోవ్ తిండి గురించి, దాని చరిత్ర గురించి ఏళ్ల తరబడి రాశాడు. ప్రకృతి పత్రికలో వంటేమిటి అన్నవాళ్లకు, మొక్కజొన్న ఎక్కడ పుట్టి ఎక్కడికి నడిచిందో చెప్పడం ప్రకృతి చరిత్ర కాదా అని నేను అడుగుతాను. 1995 నుంచి నీల్ డిగ్రాస్ టైసన్ ఖగోళం గురించి రాశాడు. ఆయనా మ్యూజియంలోని ప్లానిటేరియం మనిషే. అయినా ఒక గదికి ఒకే దూలం ఉన్నట్టుగా ఉండేది ఆ పత్రిక. 2001 జనవరిలో గూల్డ్ తన తాత 1901లో అమెరికాలో అడుగుపెట్టాక ఒక వ్యాకరణ పుస్తకంలో రాసుకున్న ‘నేను దిగాను’ అన్న మాటలతో ఆఖరి వ్యాసం రాసి దూలం తీసేశాడు. 2002 మేలో ఆయన మరణించాడు.

అమ్మకం

అదే 2002లో మ్యూజియం పత్రికను అమ్మేసింది. చార్లెస్ హారిస్ నాయకత్వంలోని ఒక ప్రైవేటు సంస్థ కొన్నది. సంపాదకుడిగా పీటర్ బ్రౌన్ వచ్చాడు. అంతకుముందు ఏడాదే న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన ‘ద సైన్సెస్’ పత్రికను మూసేసింది, దాని సంపాదకుడు ఈయనే. పురస్కారాలు ఎన్నో అందుకున్న పత్రిక అది. ఒకే నగరంలో రెండు గొప్ప విజ్ఞాన సంస్థలు, రెండేళ్లలో, ఒకటి పత్రికను మూసింది, మరొకటి అమ్మింది. దీన్ని నేను ద్రోహం అనను. సంస్థలకు జనంతో మాట్లాడే దారులు మారాయి. సభ్యులకు వార్తలు చెప్పడానికి మ్యూజియానికి ‘రొటుండా’ అనే ప్రచురణ ఉంది. అందులో ప్రదర్శనలు, ఉపన్యాసాలు, యాత్రల కబుర్లు ఉంటాయి. 1900 నాటి జర్నల్ చేసిన పనే ఇప్పుడు అది చేస్తోంది. చక్రం తిరిగి తిరిగి మొదటికే వచ్చింది.

‘నేచురల్ హిస్టరీ’ అమ్మకం తర్వాత కూడా నడిచింది. టైసన్ కాలమ్ 2005 వరకు సాగింది. ఆ తర్వాత కార్యాలయం నార్త్ కరొలైనాలోని రీసెర్చ్ ట్రయాంగిల్ ప్రాంతానికి తరలింది. న్యూయార్క్ నుంచి దాదాపు 700 కిలోమీటర్లు. అక్కడినుంచి వచ్చిన సంచికలు చెడ్డవి కావు, శాస్త్రవేత్తలు రాస్తూనే ఉన్నారు. పోయింది ఏమిటంటే, ప్రూఫు మధ్యలో ఒక వాక్యం మీద అనుమానం వస్తే లేచి వెళ్లి, ‘ఆ పెట్టె ఒకసారి తీసి చూపించండి’ అని అడిగే వీలు. ఫోనులో అడిగితే జవాబు వస్తుంది. పెట్టె తీస్తే జవాబుతోపాటు పక్క పెట్టెలోని మరో వ్యాసం కూడా బయటపడుతుంది.

నా బల్ల మీద

ఈ కేసు చదివాక మా పత్రికలో కొన్ని పనులు చేసి చూశాను. దిద్దిన ప్రతిని అచ్చుకు ముందు రచయితకు పంపడం మొదటిది. ఇది ఎప్పుడో చేయవలసిన పని, చెప్పుకోవడానికి కూడా సిగ్గు. రెండోది, ‘సాధారణంగా’ కనబడితే కొట్టేయకుండా పక్కన ఎర్ర సిరాతో ‘ఎప్పుడు కాదు?’ అని రాయడం. రచయిత ఇచ్చే జవాబు సగం సార్లు వ్యాసానికి కొత్త ఎత్తుగడ అవుతుంది. మూడోది, డెస్కులో పనిచేసే కుర్రవాళ్లను నెలకు ఒకరోజు ఏదో ఒక ప్రయోగశాలలో ఊరికే కూర్చోబెట్టడం. ఆ రోజు వాళ్లు ఏమీ రాయకూడదు. యాజమాన్యానికి ఇది దండగ సెలవులా కనబడింది. రెండేళ్లు పోరాడి నిలబెట్టుకున్నాను, మూడో ఏడు ఎత్తేశారు.

నాలుగోది చిత్తుగా ఓడిపోయింది. గూల్డ్‌ను చూసి నేనూ ఒక శాస్త్రవేత్తతో నెలవారీ కాలమ్ మొదలెట్టాను. పద్నాలుగు నెలలు అద్భుతంగా నడిచింది. ఉత్తరాల్లో సగం ఆయనకే వచ్చేవి. పదిహేనో నెల ఆయనకు పదవి వచ్చింది, తీరిక పోయింది. కాలమ్ ఆగిన నెల నుంచి ఉత్తరాలూ ఆగాయి. దూలం ఒకటే వేసి ఇల్లు కట్టిన తప్పు న్యూయార్క్‌లో జరిగిందని తెలిసి కూడా, ఇక్కడ అదే చేశాను.

కందిరీగల ఆయనకు కిందటేడు ఉత్తరం రాశాను. పాత వ్యాసం జిరాక్సు తీసి, నేను కొట్టేసిన మాటలన్నీ ఎర్ర సిరాతో తిరిగి ఎక్కించి, క్షమాపణతో పంపాను. పదకొండు మాటలు. మూల ప్రతి నా దగ్గర లేదు, గుర్తున్నంతలో పెట్టాను. మూడు వారాల తర్వాత కార్డు వచ్చింది. అందులో కుశల ప్రశ్నలు లేవు. ‘మూడో పేరాలో మీరు పెట్టిన సాధారణంగా నేను రాసినది కాదు. అక్కడ మినహాయింపు లేదు’ అని ఉంది.